రాగిబానకు హారతి, మట్టికుండకు లాఠీ

ఊరి చివర తుమ్మచెట్ల చాటున మట్టికుండ పెట్టి, బెల్లం ఊట మరగబెట్టి, లేచిన ఆవిరిని చల్లనీళ్లతో చుక్కలు చుక్కలుగా దింపేవాడిది నేరం. ఎక్సైజ్ వాళ్లు తెల్లారకముందే వాలతారు. కుండ పగలగొడతారు, ఊట నేలపాలు చేస్తారు, మనిషిని జీపెక్కిస్తారు. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో: నలుగురు కానిస్టేబుళ్లు, రెండు నీలం డ్రమ్ములు, మధ్యలో తల దించుకుని కూర్చున్న ముద్దాయి. సరిగ్గా ఆ పనే గోవాలో, సముద్రం దాటి వచ్చిన రాగిబానలో చేసేవాడికీ ఫొటో పడుతుంది. అతను తల దించుకోడు, గడ్డం దువ్వుకుంటాడు. ఒంటి మీద తోలు ఏప్రన్. చుట్టూ మూగినవాళ్లు పోలీసులు కారు, టికెట్ కొనుక్కుని వచ్చిన భక్తులు.

దీన్ని క్రాఫ్ట్ డిస్టిలరీ టూర్ అంటారు. మనవాళ్లకు గోవా కొత్త కాదు. ఒకప్పుడు హైదరాబాద్ కుర్రాళ్లు మందు చవకని వెళ్లేవాళ్లు. తిరుగుప్రయాణంలో సీసాలను తువ్వాళ్లలో చుట్టి, బ్యాగు అడుక్కి తోసి, చెక్‌పోస్టు దాటేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకునేవాళ్లు. ఇప్పుడు జీతాలు పెరిగాయి, దాంతోపాటు అభిరుచీ పెరగాలి కదా! అందుకని సీసాతోపాటు భాష కూడా తెచ్చుకుంటున్నారు. నోస్, పాలెట్, ఫినిష్, బొటానికల్స్. ఏ చెక్‌పోస్టులోనూ పట్టుబడని సరుకు అదొక్కటే. 2017లో గ్రేటర్ దాన్, మరుసటేడు స్ట్రేంజర్ అండ్ సన్స్ వచ్చి గోవా జిన్‌కు దారి వేశాయి. ఆ తర్వాత సందుకో జిన్ పుట్టింది. వాటిలో కొన్ని నిజంగానే బాగుంటాయి. ఆ మాట ఇక్కడే చెప్పేయడం మంచిది, కిందికి పోయేకొద్దీ నాకు చెప్పబుద్ధి కాదు.

నేను వెళ్లిన చోటి పేరు ఎందుకులెండి, అన్నీ ఒక తాను ముక్కలే. లోపల పాదం పెట్టగానే గైడ్ కుర్రాడు చేతిలో ఒక గ్లాసు పెట్టి, బాన దగ్గరికి తీసుకెళ్లాడు. మెరుస్తోంది బాన. దానికి ఒక ఆడపిల్ల పేరు కూడా పెట్టారు. డిస్టిలరీల్లో అది ఆచారమట. మా వైపు బట్టీలకు పేర్లుండవు, కేసు నంబర్లుంటాయి. రాగి ఎందుకంటే గంధకపు దుర్వాసనల్ని అది లాగేసుకుంటుందని కుర్రాడు చెప్పాడు. నిజమే. ముందుగా దిగేదాంట్లో ఘాటైనవీ, చెడ్డవీ ఉంటాయి కనుక దాన్ని పక్కకు తీసేస్తామనీ, చివర దిగేదీ పనికిరాదనీ, మధ్యది పట్టుకోవడంలోనే పనివాడి నేర్పంతా ఉందనీ చెప్పాడు. అదీ నిజమే. అందరూ తలలూపారు, కొందరు ఫోన్లో రికార్డు చేసుకున్నారు. ఆ నేర్పు తెలిసిన ముసలివాళ్లు మన ఏజెన్సీలో ఊరికొకరుంటారు. వాళ్లను మాత్రం ఎవరూ రికార్డు చేయరు, వాంగ్మూలం తీసుకునేటప్పుడు తప్ప.

మా గుంపులో భీమవరం నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ పెద్దాయన ఉన్నారు. తెల్ల చొక్కా, చేతిలో అల్లుడు కొనిచ్చిన ఫోను. అంతసేపూ చేతులు వెనక్కి కట్టుకుని విన్నారు. ఆఖర్న ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

“బాబూ, అంతా బాగుంది గానీ, అసలు ఆల్కహాలు ఎక్కడ కాస్తున్నారు? పులియబెట్టే తొట్లు ఎక్కడా కనపడలేదే?”

కుర్రాడి నవ్వు చెదరలేదు. “బేస్ స్పిరిట్‌ని మేము రెస్పాన్సిబుల్‌గా సోర్స్ చేస్తాం సర్.”

“అంటే?”

“అంటే… బయట నుంచి వస్తుంది సర్.”

“ట్యాంకర్లోనా?”

కుర్రాడు మమ్మల్ని తర్వాతి గదిలోకి నడిపించాడు.

ఈ దేశంలో క్రాఫ్ట్ జిన్ అనేదాంట్లో చాలాభాగం కథ ఇదే. ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్ అని ఒకటుంది. పెద్దపెద్ద ఫ్యాక్టరీల్లో నూకల నుంచో, మొక్కజొన్న నుంచో, చక్కెర మిల్లు మొలాసిస్ నుంచో లక్షల లీటర్ల లెక్కన తీస్తారు. రుచీ వాసనా ఉండవు. అందులో కేరమెల్ రంగూ ఎసెన్సూ కలిపితే బెల్టు షాపులో క్వార్టరు. అదే స్పిరిట్‌ను రాగిబానలో జునిపర్ కాయలూ ధనియాలూ నిమ్మతొక్కలతో మళ్లీ కాస్తే చేతితో నంబరేసిన సీసా. అన్నం హోటల్ నుంచి తెప్పించుకుని ఇంట్లో తాలింపు పెట్టి, విందుకు పిలిచి ‘అంతా మా చేతి వంటే’ అన్నట్టుంది యవ్వారం. తాలింపు బాగుంది, కాదనను. పొయ్యి చూపిస్తామని టికెట్ అమ్మారు చూడండి, నా అభ్యంతరమల్లా అక్కడే. పైగా జునిపర్ లేనిదే జిన్ కాదు. మన కొండల్లో దొరికే హిమాలయ జునిపర్ వాడేవాళ్లు వేళ్ల మీద లెక్క. మిగతావాళ్లకు అది ఐరోపా నుంచి రావాలి. స్పిరిట్ ఒక రాష్ట్రానిది, జునిపర్ ఇంకో ఖండానిది, బాన మరో దేశానిది. స్థానికం అంటే నిమ్మతొక్కా, లేబుల్ మీది కొబ్బరిచెట్టూ.

ఆ తర్వాత టేస్టింగ్. పొడుగు బల్ల, మనిషికి నాలుగు బుల్లి గ్లాసులు, అడుగు తడిసేంత మందు. ముందు ముక్కు పెట్టాలి. ముక్కు పెట్టి కళ్లు మూసుకోవాలి. మూసుకుని ఏదో ఒకటి గుర్తుకు తెచ్చుకోవాలి. గచ్చిబౌలి నుంచి వచ్చిన జంటలో అబ్బాయికి ‘తొలకరి మట్టి’ తగిలింది. అమ్మాయికి ‘అమ్మమ్మగారి పెరట్లో నారింజ పువ్వు’ తగిలింది. వాళ్ల అమ్మమ్మగారిది కూకట్‌పల్లిలో రెండు గదుల ఫ్లాటని అబ్బాయే మెల్లగా గుర్తుచేశాడు. భీమవరం పెద్దాయన వంతు వచ్చింది. నిజాయితీగా వాసన చూసి, “జిందా తిలిస్మాత్” అన్నారు. బల్లంతా గొల్లుమంది. నాకైతే ఆ సాయంత్రం విన్నవాటిలో నమ్మదగ్గది అదొక్కటే అనిపించింది. ఆయనకు ధైర్యం వచ్చి, “మంచింగ్ ఏదీ బాబూ?” అనడిగారు. ఉప్పులేని బిస్కెట్లు రెండు వచ్చాయి. అవి తినడానికి కాదట, నాలుక కడుక్కోవడానికట.

మద్యం ప్రకటనలు మన టీవీల్లో వేయకూడదు. అందుకే ఏళ్ల తరబడి సోడాల పేరుతో, మ్యూజిక్ సీడీల పేరుతో, మంచినీళ్ల పేరుతో కంపెనీలు దొడ్డిదారిన వచ్చేవి. ఆ ఖర్చంతా వాళ్లదే, పాపం. టూరు కనిపెట్టినవాడు మహానుభావుడు. గంటన్నర ప్రకటన చూపించి, చూసినందుకు మన దగ్గరే వెయ్యి పైచిలుకు వసూలు చేసి, బయటికెళ్లే దారి సరిగ్గా సీసాల కొట్టులోంచి పెట్టాడు. ఆ మీదట మన ఇన్‌స్టాలో మనమే పోస్టర్లు అంటిస్తాం. ఇంతకంటే చవకగా ఊళ్లో ఏ పార్టీ కూడా గోడలు రాయించుకోలేదు.

వీటన్నిటినీ నవ్వి వదిలేయొచ్చు. కొట్టుకి ముందున్న గోడను వదలలేం. ‘మన వారసత్వం’ అని గోడంతా ఒక ఫొటో: చీర బిగించి కట్టుకున్న ఒక ముసలమ్మ, ముందు మట్టికుండ, కింద కట్టెల మంట. పక్కన గోవా ఫెనీ కథ. ఆ కథ మాత్రం అచ్చంగా నిజం. జీడిమామిడిని పోర్చుగీసు వాళ్లు పదహారో శతాబ్దంలో బ్రెజిల్ నుంచి తెచ్చారు. ఎండాకాలంలో రాలిన పండ్లను తొక్కి, రసం పులియబెట్టి, బట్టీలో ఒకసారి దించితే ఉర్రాక్, మళ్లీ దించితే ఫెనీ. స్పిరిట్ ట్యాంకర్లో రాదు, చెట్టు కిందే పుడుతుంది. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2016లో గోవా ప్రభుత్వం దాన్ని వారసత్వ పానీయమంది. అన్నాళ్లూ చట్టం లెక్కలో అది నాటు సరుకే, పక్క రాష్ట్రంలో అమ్మే వీలు లేకుండా. గోవా చేసిన తెలివైన పని ఒకటే, బట్టీవాణ్ణి దొంగను చేయకుండా లైసెన్సుదారుణ్ణి చేసింది.

ఇక మన ఉద్దానం సంగతి. పలాస జీడిపప్పుకు దేశమంతా పేరు. అక్కడ లెక్కంతా పిక్కదే. 80 కిలోల పిక్కల బస్తాకు ధర పెంచమని రైతులు రోడ్డెక్కిన రోజులున్నాయి. పండు మాత్రం చెట్టు కిందే కుళ్లుతుంది, ఈగలకు విందు. ఆ పండునే గోవాలో తొక్కి సీసాకెక్కిస్తే మనవాళ్లు విమానంలో వెళ్లి ముక్కు పెట్టి వస్తారు. ఉద్దానం రైతు పొరపాటున ఆ రసాన్ని కుండకెక్కిస్తే ఎక్సైజ్ జీపే వస్తుంది, వీజా అక్కర్లేకుండా.

ఇప్పపువ్వుది ఇంకా పాత కథ. 1892లో బొంబాయి ప్రెసిడెన్సీలో తెల్లదొరలు మౌరా చట్టం తెచ్చి పువ్వు ఏరడం మీదా, ఇంట్లో నిల్వ పెట్టుకోవడం మీదా పగ్గాలు వేశారు. దొరల విస్కీ అమ్ముడుపోవాలన్నా, అబ్కారీ నిండాలన్నా గిరిజనుడి కుండ బోర్లా పడాలి. దొరలు పోయారు, కుండ ఇంకా బోర్లానే ఉంది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పానీయాల్ని నిషేధించాలో, నియంత్రించాలో తేల్చుకునే అధికారం గ్రామసభకూ పంచాయతీకీ ఇవ్వమంది. దాడికి ముందు గ్రామసభను అడిగిన ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ ఎక్కడైనా ఉంటే ఆయనకే భౌగోళిక గుర్తింపు ఇవ్వాలి. అవతల మధ్యప్రదేశ్ ఇప్పసారాకు హెరిటేజ్ మద్యమని పేరు పెట్టి ఆదివాసీ బృందాలతోనే తీయిస్తోంది. చిత్తూరు జిల్లాలో ఒక చిన్న డిస్టిలరీ మన చేలగట్ల మీది కిత్తనారతో స్పిరిట్ తీసి డెస్మండ్‌జీ పేరుతో గోవాలో అమ్మింది. టెకీలా అనలేదు, ఆ పేరు మెక్సికోవాళ్ల సొత్తు. ఆ సంస్థే ఇప్పపువ్వు మద్యాన్నీ సీసాలో పోసింది. అంటే పువ్వులో దోషం లేదు, కిత్తనారలో లేదు. ఎవరి పొయ్యి మీద కాగిందన్నదే తేడా.

‘అయితే నాటుసారా అమృతమా?’ అని పళ్లు నూరేవాళ్లు ఉంటారు. కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు, వర్ధినేని రోశమ్మ ముందు నడవగా, సారా దుకాణం మూయించారు. మొగుడి తాగుడుకి కూలి డబ్బులు పోయినవాళ్లు, వీపులు వాచినవాళ్లు. వాళ్ల దెబ్బకు 1993 ఏప్రిల్‌లో జిల్లాలోనూ, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995లో పూర్తి మద్యనిషేధమూ వచ్చింది. 1997లో ఖజానాకు దాహమేసి విస్కీ బ్రాందీలు తిరిగొచ్చాయి, సారా రాలేదు. దూబగుంట అడిగింది తాగుడు పోవాలని. ప్రభుత్వానికి వినపడింది పేదవాడి బ్రాండు మారాలని. 2024లో తమిళనాడు కళ్లకురిచ్చిలో అరవై మందికి పైగా చచ్చిపోయింది మిథనాల్ కలిపిన సరుకు తాగి. ఇలాంటి సామూహిక చావుల వెనక ఉండేది చాలావరకు ఫ్యాక్టరీ మిథనాలే. అది కుండలో ఊరదు, డ్రమ్ములో వస్తుంది. నియంత్రణ ఉన్నచోట ఆ డ్రమ్మును పట్టుకోవచ్చు. తుప్పల్లోకి తరిమాక పట్టుకునేది కుండనే. గోవా గోడ మీద దూబగుంట ఎందుకు లేదని అడగను, వాళ్ల గోడ వాళ్లిష్టం. మన గోడ మీదైనా ఉందా?

కాబట్టి మన రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలకు ఒక ప్యాకేజీ సమర్పిస్తున్నాను, ఉచితంగానే. ఎక్సైజ్ శాఖతో కలిపి ‘హెరిటేజ్ రెయిడ్’ పెట్టండి. హైటెక్ సిటీ నుంచి ఏసీ బస్సు. తెల్లవారుజామున నాలుగింటికి తుప్పల్లో దించి ఒక్కొక్కరికి తోలు ఏప్రన్ ఇవ్వండి. కానిస్టేబులే గైడు: “మేడమ్, ముందుకు రండి, బెల్లం నోట్స్ వస్తున్నాయా? పక్కన తుమ్మచెక్క, అది బొటానికల్. కుండ స్మాల్ బ్యాచ్, ఇంతకంటే పెద్దది మోసుకుని పరిగెత్తలేడు.” తర్వాత కుండ పగలగొట్టే కార్యక్రమం. కర్ర పట్టుకుని ఫొటో దిగాలంటే అదనపు చార్జీ. ఊట పారబోసేటప్పుడు గాలివాలున నిలబడినవాళ్లకు నోసింగ్ ఫ్రీ. ఆధార్ చూపించిన సీనియర్ సిటిజన్లకు రాయితీ, భీమవరం పెద్దాయన కోసమైనా.

తేలాల్సిన విషయం ఒక్కటే మిగిలింది: టికెట్ డబ్బుల్లో ముద్దాయికి వాటా ఇవ్వాలా వద్దా. ఆర్థిక శాఖ కొర్రీ వేస్తుందని తెలుసు. ఆర్టిస్టు అని రాసి రోజుకూలీ కింద చూపిస్తే ఆడిట్‌లో చెల్లుతుందేమో కనుక్కోండి. వాయిదాలకు కోర్టు దాకా వెళ్లిరావడానికి అతనికీ బస్సు చార్జీలు కావాలి కదా.