నెలకో బట్ట

నెలకో బట్ట అంటే ఏడాదిలో పన్నెండు బట్టలు సొంతంగా కుట్టి తొడుక్కోవాలని మనిషి తనకు తానే పెట్టుకునే పంతం. దీనికి పోటీదారులు, న్యాయనిర్ణేతలు, బహుమతులు ఉండవు. ఓడినా తెలిసేది ఒక్కరికే కాబట్టి మొదలుపెట్టడం తేలిక. ఈ పంతం సాధారణంగా టైలరు కొట్టు మెట్ల మీద పుడుతుంది. పండక్కి ఇస్తానన్న జాకెట్టు కోసం పండగ వెళ్లాక పోతే, "కాజాలకెళ్లిందమ్మా, సోమవారం రండి" అన్న మాట నాలుగోసారి వినబడుతుంది. ఇంటికి తిరిగొచ్చే దారిలోనే మనిషి కుట్టుపనివారిగా మారిపోతారు.

ఈ వ్యాసకర్త పంతం ఉగాదినాడు మొదలైంది. తెలుగు నెలల లెక్క పెట్టుకోవడం వెనక ఒక ఎత్తు ఉంది. దాదాపు రెండున్నరేళ్లు దాటాక ఒక అధికమాసం వస్తుంది, గడువు ముప్పై రోజులు కలిసొస్తుంది. ఆ నెలకూ ఒక బట్ట బాకీ పడుతుందన్న సంగతి ఇంటాయన చెప్పేదాకా తట్టలేదు.

నియమాలు మూడు. కుట్టింది ఒంటి మీదికి వచ్చేదై ఉండాలి. కత్తిరింపు నుంచి కాజా దాకా సొంత చేతి పని కావాలి. నెలాఖరులోగా దాన్ని తొడుక్కుని ఒక్కసారైనా గడప దాటాలి. మూడో నియమం రాసుకున్న రోజున దాని బరువు ఎవరికీ తెలియదు.

పనిముట్టు అత్తగారి నాటి నల్ల కాలి మిషను. మిషను కుట్టు రహస్యమంతా సూది కన్నులో ఉంది. చేతిసూదికి కన్ను వెనక ఉంటే, మిషను సూదికి మొన దగ్గర ఉంటుంది. అమెరికాలో ఎలియాస్ హోవే 1846లో పేటెంటు పొందిన యంత్రంలోనూ కన్ను మొన దగ్గరే. దారం గుడ్డలోంచి కిందికి దిగి, పైకి లేవబోతూ చిన్న ఉచ్చులా వదులవుతుంది. ఆ ఉచ్చును షటిల్ కొక్కెం అందుకుని బాబిన్ దారం చుట్టూ తిప్పుతుంది. రెండు దారాలూ గుడ్డ మందంలో మెలిపడితే కుట్టు కుదిరినట్టు. పై దారానికి బిగువు చాలకపోతే ఉచ్చులు గుడ్డ అడుగున తేలతాయి. కొత్తవాళ్లు, తప్పు అడుగున కనిపించింది కదా అని, కిందనున్న బాబిన్ స్క్రూ తిప్పుతారు. తప్పు పైన ఉంటుంది, చీవాట్లు కిందివాడికి పడతాయి. ఇది చాలా ఆఫీసుల్లో ఉన్న పద్ధతే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. చైత్రమాసంలో మొదటి పది రోజులు ఆ స్క్రూ తిప్పడంతోనే సరిపోయాయి. యంత్రాలంటే అంతగా గిట్టని గాంధీగారు కూడా 1924లో సింగర్ కుట్టుమిషనును మాత్రం మెచ్చుకున్నారు. కుట్టిన కుట్లు విప్పే యంత్రం ఊసు ఆయన ఎత్తలేదు. అది ఇప్పటికీ సగం బ్లేడే.

తొలి బట్టగా ఆరు ముక్కల లంగాను ఎంచుకుంటారు. చీర కింద ఉండేది గనక తప్పు లోకానికి కనిపించదని ధీమా. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి తలకిందులుగా పరిచి కోస్తే గుడ్డ వృథా కాదు. అయితే అలా కోసినప్పుడు ముక్కకు ఒక అంచు నేరుగానూ, రెండోది ఐమూలగానూ వస్తుంది. ఐమూల అంచు సాగుతుంది. దాన్ని పక్క ముక్క నేరు అంచుతో జతచేస్తే ఆ సాగుడు అదుపులో ఉంటుంది. ఐమూలకు ఐమూలనే కలిపితే ఆ కుట్టు దగ్గర లంగా రోజురోజుకూ కిందికి దిగి, కుచ్చెళ్ల కింద నుంచి తొంగి చూస్తుంది. చైత్రపు లంగా ఇలాగే తొంగి చూసింది. గడప దాటింది కాబట్టి లెక్కలోకి వచ్చింది.

వైశాఖంలో నైటీ. నైటీకి కొలతలతో పెద్దగా పని లేదు, అందుకే దాన్ని గురించి చెప్పడానికీ ఏమీ లేదు. పాలప్యాకెట్టు కోసం వీధి చివరిదాకా వెళ్లొచ్చింది.

జ్యేష్ఠంలో ఇంటాయనకు జుబ్బా తలపెట్టడం జరిగింది. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు ఒక తాను బీరువాలో ఉంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో వడికి నేసే సన్నగుడ్డ అది. అన్ని చేతులు అంత ఓపిగ్గా చేసిన పని మీద కత్తెర పెట్టడానికి ధైర్యం చాలక మామూలు పాప్లిన్ తెచ్చారు. అది మంచిదయింది. మెడ ఒకసారి చిన్నదైంది, రెండోసారి కోస్తే భుజాలు దాటింది. గుడ్డకు ఒక అవరోహణ క్రమం ఉంది. జుబ్బాగా మొదలైనది పిల్లల గౌను అవుతుంది, గౌను దిండు గలీబవుతుంది, గలీబు మసిగుడ్డవుతుంది. సంగీతంలోలాగా దీనికి ఆరోహణ ఉండదు. ఈ జుబ్బా గౌను దగ్గరే నిలదొక్కుకుంది. అమ్మాయి దాన్ని తొడుక్కుని పక్కింటికి వెళ్లొచ్చింది.

ఆషాఢంలో కుట్టు సాగలేదు. బట్టల దుకాణాల్లో తగ్గింపు ధరలుండే నెల అది. కొన్న గుడ్డ కుట్టిన గుడ్డను మించిపోవడం ఈ పంతంలో అందరికీ ఉన్న లక్షణం.

శ్రావణంలో జాకెట్టు. వరలక్ష్మీవ్రతం ముందు టైలర్లకు ఊపిరాడదు కాబట్టి సొంత చేతిపనికి ఇంతకన్నా తరుణం లేదు. ఎంచుకున్నది పెడన కలంకారీ, నెమళ్ల అద్దకం. లైనింగు గుడ్డను ముందు నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి కోయాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే లోపలిది కుంచించుకుని పై గుడ్డ ముడతలు పడుతుంది. ఇది గుర్తుంది. గుర్తులేనిది చేతుల సంగతి. చేయి ముక్కకు పై వంపులో ముందువైపు లోతు ఎక్కువ, వెనకవైపు తక్కువ. గుడ్డను మడిచి రెండు చేతులూ కలిపి కోస్తే కుడి ఎడమలు జంటగా వస్తాయి. మడతకు గుడ్డ చాలదని ఒక్కో చేయి విడిగా, నమూనా తిప్పకుండా కోస్తే రెండూ ఎడమచేతులే అవుతాయి. సాదా గుడ్డయితే ఒకటి తిరగేసి గండం గట్టెక్కవచ్చు. అద్దకం గుడ్డకు ఆ వీలు లేదు, తిరగేసిన వైపు నెమళ్లు జబ్బు చేసినట్టుంటాయి. అద్దం ముందు నిలబడితే ఏ లోపమూ కనిపించలేదు. మూడో నియమం ప్రకారం బస్సెక్కి, పైకమ్మీ పట్టుకోవడానికి కుడిచేయి ఎత్తినప్పుడు జాకెట్టు మొత్తం ఆ చేయి వెంట పైకి లేచింది. దిగాల్సిన స్టాపు దాకా ప్రయాణం ఎడమచేత్తోనే సాగింది.

"రెండు జాకెట్లు అలా కోసేస్తే కుడిచేతులు దానికీ ఎడమచేతులు దీనికీ సరిపోయేవి కదమ్మా," అన్నారు అత్తగారు. లెక్క ప్రకారం అది నిజం కాదు. అవన్నీ ఎడమచేతులే అవుతాయి. పూజ రోజున ఆ వాదన పెట్టుకోలేదు.

భాద్రపదం ఆ చేతులు విప్పడంతో గడిచింది. ఆశ్వయుజంలో దసరాకు అమ్మాయికి పరికిణీ, మంగళగిరి చీర అంచుతో, నడుముకు ఎలాస్టిక్‌తో. ఎలాస్టిక్ ఎన్ని కొలతల తప్పులనైనా కడుపులో పెట్టుకుంటుంది.

కార్తీకం నాటికి ఎనిమిది నెలల్లో పూర్తయినవి అయిదు. ఆషాఢం, భాద్రపదం బాకీలు రెండు. ఎనిమిదోది ఈ నెల జాకెట్టు. దీని చేతులు మడత మీదే కోశారు కాబట్టి ఒకటి కుడిది, ఒకటి ఎడమది. కాజాలు మాత్రం మిగిలాయి. హుక్కుకు ఎదురుగా దారంతో కుట్టే ఆ చిన్న ఉంగరం చేత్తోనే కుట్టాలి. ఆరు కాజాలు ఆరు సైజుల్లో వచ్చాక వాటిని విప్పేసి, రెండో నియమాన్ని ఒక్క వారానికి పక్కనబెట్టి, జాకెట్టును టైలరు కొట్టుకు పంపారు. సోమవారం రమ్మన్నాడు.