ఆకాశంలో కూటమి ధర్మం

కూటమి అన్న మాట వినపడితే చాలు, మన జిల్లాల్లో చెవులు నిక్కబొడుచుకుంటాయి. సీట్లు ఎవరికెన్ని, సర్దుబాటు ఎక్కడ, ఆఖరి నిమిషంలో చెయ్యిచ్చేదెవరు అన్నవన్నీ ఎవరూ అడక్కుండానే లెక్కకట్టి పెడతాం. ఇంతటి జ్ఞానమూ విమానాల కూటమి దగ్గరికొచ్చేసరికి గాలికి ఎగిరిపోతుంది. ఫలానా ఎయిర్‌లైన్స్ ఫలానా గ్లోబల్ అలయన్స్‌లో చేరుతోందని పేపర్లో పడగానే తెనాలి బోసు రోడ్డులో కాఫీ తాగుతూ ఒకాయన తేల్చేస్తాడు: ‘ఇంకేముంది, ఇక డల్లాస్‌కి డైరెక్టే!’ పక్కనున్నాయన ఇంకాస్త ముందుకెళ్లి గన్నవరం నుంచే ఎక్కొచ్చంటాడు. బిల్లు కట్టే మూడో ఆయన కూతురు డల్లాస్‌లోనే ఉంటుంది కాబట్టి ఆయన మాత్రం ఏమీ అనడు. ఆయనకి అసలు సంగతి తెలుసు.

ఎయిరిండియా 2014 జులై 11న స్టార్ అలయన్స్‌లో చేరింది. ప్రపంచ కూటముల్లో అడుగుపెట్టిన తొలి భారతీయ సంస్థ అదే. కూటమి పిలిచింది 2007లో. షరతులు తీర్చలేదని 2011లో పక్కన పెట్టేసింది. మళ్లీ బతిమాలుకుని, కంప్యూటర్లు సర్ది, గుమ్మం దాటేసరికి ఏడేళ్లు. కింగ్‌ఫిషర్ కథ ఇంకా పొట్టిది. 2012 ఫిబ్రవరిలో వన్‌వరల్డ్‌లో చేరాల్సి ఉండగా ఆ చేరిక వాయిదా పడింది. అక్టోబరుకల్లా ఆ విమానాలే నేలమీద నిలబడిపోయాయి. సభ్యత్వం వస్తే బతికిపోతుందని అప్పట్లో ఆశపడ్డవాళ్లు ఇప్పుడు ఏ కూటమికి ఆశపడుతున్నారో కనుక్కోవాలి.

పోనీ, చేరాక మనకేం ఒరిగింది? హైదరాబాద్ నుంచి షికాగోకి ఎయిరిండియా నేరుగా విమానం వేసింది. ఎప్పుడు? 2021 జనవరి 15న, అంటే కూటమిలో చేరిన ఆరున్నరేళ్లకి. అదీ వారానికి ఒక్కసారి. షికాగో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కి సొంత కోట. యునైటెడ్ ఏమో ఈ కూటమిని 1997లో స్థాపించిన అయిదుగురిలో ఒకరు. కూటమి మహిమ అన్నది ఎక్కడైనా పనిచేయాలంటే ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. అయినా ఆ సర్వీసు నిలవలేదు.

ఢిల్లీ–వాషింగ్టన్ సంగతి మరీ ముచ్చటైంది. అక్కడి డల్లెస్ విమానాశ్రయమూ యునైటెడ్ కోటే. ఎయిరిండియా 2025 సెప్టెంబరు 1 నుంచి ఆ రూటు ఆపేసింది. బోయింగ్ 787లు కొత్త హంగుల కోసం షెడ్డుకెళ్లడం ఒక కారణం, పాకిస్థాన్ గగనతలం మూసేయడంతో చుట్టు తిరిగి వెళ్లాల్సి రావడం ఇంకొకటి. స్టార్ అలయన్స్ గోల్డ్ కార్డు చూపిస్తే లాంజ్ తలుపు తెరుచుకుంటుంది గానీ లాహోర్ మీది ఆకాశం తెరుచుకోదు. ఆపుతున్నామన్న ప్రకటనలోనే ప్రయాణికులకి ఓదార్పుగా వేరే దార్లు చూపించారు: న్యూయార్క్, నెవార్క్, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కోల్లో దిగి, భాగస్వాముల విమానం పట్టుకుని వాషింగ్టన్ చేరొచ్చట. ఎవరా భాగస్వాములు? అలాస్కా, యునైటెడ్, డెల్టా. అలాస్కాది వన్‌వరల్డ్, డెల్టాది స్కైటీమ్. అంటే కష్టకాలంలో సొంత కూటమి ఒక్కటే చాలలేదు, ఎదుటి రెండు కూటముల గుమ్మాలూ తొక్కాల్సొచ్చింది. మరి ఏడేళ్లు గుమ్మంలో నిలబడి సంపాదించిన సభ్యత్వం ఎందుకో!

ఇక ఫిరాయింపులంటారా, మన నాయకులు ఇక్కడ శిష్యరికం చేయొచ్చు. కాంటినెంటల్ స్కైటీమ్‌కి చెయ్యిచ్చి 2009లో స్టార్‌లో దూకింది. 2014లో యూఎస్ ఎయిర్‌వేస్, బ్రెజిల్ వాళ్ల టామ్ స్టార్‌ని వదిలి వన్‌వరల్డ్‌కి వెళ్లాయి. ఎయిరిండియా లోపలికొచ్చిన ఏడాదే ఇద్దరు బయటికన్నమాట. అన్నిటికన్నా ఘనం స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్‌ది. స్థాపక సభ్యుడై ఉండి 2024 ఆగస్టు 31న బయటికొచ్చి, తెల్లారి సెప్టెంబరు 1న స్కైటీమ్ కండువా కప్పుకుంది. మన దగ్గరైతే కనీసం కార్యకర్తల సమావేశం పెట్టి, అభివృద్ధి కోసమేనని రెండు మాటలు చెప్పి మారతారు.

మిత్రధర్మం చూద్దామా? స్టార్ కూటమి పెద్దల్లో ఒకరైన లుఫ్తాన్సా 2024 జనవరిలో హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్ సర్వీసు మొదలెట్టింది. ఎయిరిండియా టికెట్టు కొని ఢిల్లీ మీదుగా యూరప్ వెళ్లే ప్రయాణికుణ్ని ఇంటిముందే ఆపి ఎక్కించుకుంటోందన్నమాట. తప్పేం లేదు, వ్యాపారం. మన వాళ్ల విమానంలో చోటు లేకపోతే వీళ్లది ఉందిగా అని సర్దిచెప్పుకోవచ్చు. కాకపోతే దాన్ని స్నేహం అనడమే కాస్త ఇబ్బంది.

ఇంతకీ తెనాలి, బాపట్ల, రేపల్లెల నుంచి వెళ్లేదెవరు? ఎక్కువమంది కూతురి పురిటికో కొడుకు గృహప్రవేశానికో వెళ్లే అమ్మానాన్నలు. వాళ్లు ఏజెంటుని అడిగేవి మూడే ప్రశ్నలు. రెండు ఇరవైమూళ్లు ఇస్తారా? అంటే మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, బాపట్ల జీడిపప్పు అన్నీ అందులో పట్టాలి. ఒక్క చోటే దిగి మారాలా? వీల్‌చైర్ పెట్టిస్తారా? మోకాళ్లు బాగానే ఉన్నా వీల్‌చైర్ తోసే కుర్రాడు గేటు దాకా దారి చూపిస్తాడని. అలయన్స్ గురించి నాలుగో ప్రశ్న అడిగినవాళ్లని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. వీళ్లంతా పోలోమని ఎక్కేది ఎమిరేట్స్, ఎతిహాద్. ఆ రెండూ ఏ కూటమిలోనూ లేవు. ఖతార్ 2013 నుంచి వన్‌వరల్డ్‌లో ఉంది. ఆ సంగతి దోహాలో దిగే మన అత్తయ్యలకి తెలియదు, తెలిసినా కందిపొడి బరువు తగ్గదు.

నిజం ఒప్పుకోవాలి, లాభం అసలు లేకపోలేదు. గన్నవరంలో ఎక్కి, ఢిల్లీలో మారి, నెవార్క్‌లో దిగి, అక్కణ్నుంచి యునైటెడ్‌లో ఇంకో ఊరికి ఒకే టికెట్టు మీద పోవచ్చు. ముందుది ఆలస్యమైతే తర్వాతది చూపించే బాధ్యత వాళ్లదే. నెలకి రెండుసార్లు ఎగిరే సాఫ్ట్‌వేర్ మేనేజర్లకి మైళ్లు, లాంజ్, క్యూలో ముందు వరస. అయితే ఆ ఒకే టికెట్టు వసతికి కూటమే అక్కర్లేదు, రెండు సంస్థల మధ్య ఒప్పందముంటే చాలు. ‘అతుకుల్లేని ప్రయాణం’ అన్న మాట కూడా అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే తేలిపోతుంది. అక్కడ పెట్టెలు దింపుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పజెప్పాలి. గోంగూర జాడీ గురించి ఆ అధికారి అడిగే ప్రశ్నకి ఏ అలయన్సూ జవాబు చెప్పదు.

దూరపు రూటు పుట్టాలంటే కావాల్సినవి వేరే. అంత దూరం ఎగిరే విమానం ఉండాలి, దేశాల మధ్య హక్కులుండాలి, బిజినెస్ క్లాస్ నిండాలి. దుబాయ్‌కి ఒప్పందం ప్రకారం వారానికి సుమారు 66 వేల సీట్లే. ఎమిరేట్స్ ఇంకా కావాలంటోంది, ఢిల్లీ ఊ అనడం లేదు. అసలీ కూటములు పుట్టిందే, ఒక దేశపు ఎయిర్‌లైన్స్‌ని ఇంకో దేశం వాడు కొనేయకుండా చట్టాలు అడ్డం ఉన్నాయి కాబట్టి. కొనలేకపోయారు, చేతులు కలిపారు. కలిపి తమ తమ కోటల మధ్య విమానాలు నింపుకున్నారు. ఆ కోటల్లో గన్నవరం లేదు. గన్నవరం నుంచి 2018 డిసెంబరులో ఇండిగో సింగపూర్‌కి ఎగిరిందంటే, ఖాళీ సీట్ల నష్టం పూడుస్తానని రాష్ట్ర ప్రభుత్వం మాటిచ్చింది కాబట్టి. షార్జాకి 2022లో వచ్చింది ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్. తల్లి స్టార్‌లో ఉన్నా పిల్ల బయటే.

ఇప్పుడు కాఫీ బల్ల మీద కొత్త జోస్యం: ఇండిగో. 2025లో డెల్టా, ఎయిర్‌ఫ్రాన్స్–కేఎల్‌ఎం, వర్జిన్ అట్లాంటిక్‌లతో పొత్తు ప్రకటించింది. అందరూ స్కైటీమ్ వాళ్లే, ఇండిగో మాత్రం ఆ కూటమిలో లేదు. అంటే పెళ్లికాకుండానే... సరే, వద్దులెండి. రేపల్లె వాళ్లకి డెల్టా అంటే హైదరాబాద్ వైపు వెళ్లే రైలు. ఇప్పటికీ శంషాబాద్‌లో విమానం అందుకోవాలంటే వాళ్లు నమ్ముకోదగ్గది ఆ డెల్టానే.

అయినా రన్‌వే లేదని ఎవరూ బాధపడనక్కర్లేదు. 2024 మార్చిలో అద్దంకి దగ్గర జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు ఉన్న అత్యవసర రన్‌వేని వైమానిక దళం పరీక్షించి చూసింది. సుఖోయ్‌లు వచ్చాయి, ఏఎన్-32 దిగింది. తెనాలి కాఫీ బల్ల వాళ్లు స్టార్ అలయన్స్‌కి అర్జీ పెట్టుకునేటప్పుడు ఈ కొలతలు రాసుకోవచ్చు. లారీలు ఆపే బాధ్యత మాత్రం తమదేనని హామీ ఇవ్వాలి.