పోయినవారి కళ్ళు చారెడు, బస్తర్లో బారెడు

విలువిద్యలో గురి ఉన్నవాళ్ళకి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఒక రాష్ట్ర పురస్కారం ఇస్తుంది. దాని పేరు మహారాజా ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ సమ్మాన్. రాష్ట్రావతరణ సంబరాల వేళ శాలువా కప్పి, ప్రశంసాపత్రం చేతిలో పెట్టి, ఫొటో దిగి పంపిస్తారు. బాగానే ఉంది. ఇంతకీ ఈ ప్రవీర్‌చంద్రుడు ఎలా పోయాడండీ అని ఆ వేదిక మీద ఎవరినీ అడగకూడదు. శుభమా అని అవార్డు ఇస్తుంటే ఆ అశుభం ప్రశ్నలెందుకు?

అడక్కపోయినా నేను చెబుతాను. ఆయన బస్తర్‌ని ఏలిన ఆఖరి మహారాజు. 1966 మార్చి 25న జగ్‌దల్‌పూర్‌లో, తన సొంత రాజభవనంలో, పోలీసు తూటాలకు కూలిపోయాడు. నిండా నలభై ఏళ్ళు లేవు. ఆయనతో పాటు 11 మంది ఆదివాసులు పోయారన్నది సర్కారు లెక్క. పేల్చిన తూటాలు 61 అన్నదీ సర్కారు లెక్కే. బస్తర్ జనం చెప్పే లెక్క వేరు, కాకపోతే దానికి గెజిట్ లేదు. ఆ రోజు రాజభవనంలోంచి పోలీసుల మీదికి వచ్చినవి బాణాలు. కాబట్టి విలువిద్యకీ ఈయనకీ సంబంధమేమిటని అడ్డం మాట్లాడడానికి వీల్లేదు. సంబంధం ఉంది. సర్కారు దాన్ని మొదట తుపాకీతో గుర్తించింది, తర్వాత శాలువాతో గుర్తించింది.

ఆ మనిషి ఫైలు నడిచిన తీరు చూస్తే ఎంత అనుభవం ఉన్న సెక్షన్ ఆఫీసరైనా దణ్ణం పెడతాడు. 1953లో, ఆస్తిపాస్తులు చూసుకునే మతి ఈయనకు లేదని చెప్పి ఎస్టేటును కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతిలో పెట్టారు. 1957లో అదే మతిలేని మనిషిని కాంగ్రెస్ పిలిచి టికెట్టిచ్చింది, ఎమ్మెల్యే అయ్యాడు. ఆస్తి చూసుకోవడానికి కావలసిన మతి అసెంబ్లీకి అక్కర్లేదని తేలిపోయింది. (ఈ సూత్రం ఇప్పటికీ అన్ని రాష్ట్రాల్లో అమల్లో ఉంది.) 1961 ఫిబ్రవరిలో ముందస్తు నిర్బంధ చట్టం కింద జైల్లో వేసి, నువ్వు మహారాజువి కాదు పొమ్మని తమ్ముడు విజయ్‌చంద్రకి ఆ హోదా ఇచ్చారు. మా రాజేడని అడగడానికి మార్చి 31న లోహండీగూడలో జనం పోగైతే వాళ్ళ మీద కాల్పులు జరిగాయి. తర్వాత 1966. ఇక ఆ తర్వాత ఎప్పటికో ఈ విలువిద్య అవార్డు. అందులో ఉన్న ‘మహారాజా’ అన్న ముక్క 1961లో లాక్కున్నదే సుమండీ! బతికుండగా రద్దు చేసిన బిరుదుని పోయాక బకాయిలతో సహా పునరుద్ధరించారు. మన దగ్గర రిటైరైన పంతులుగారి పెన్షన్ ఒక్కటే ఇలా నడుస్తుందనుకున్నాను.

రాజుగారు మాత్రం తక్కువ తిన్నాడా? ‘ఐ ప్రవీర్ ది ఆదివాసీ గాడ్’ అని తన మీద తనే ఇంగ్లీషులో పుస్తకం రాసి అచ్చేయించుకున్నాడు. తాను పోయాక ఎవరో వచ్చి దేవుణ్ణి చేస్తారని ఆగే రకం కాదు. ఈ విషయంలో మన నాయకులు ఇంకా బాల్యంలోనే ఉన్నారు. పుట్టినరోజు ఫ్లెక్సీలో కృష్ణుడి మొండేనికి తమ తల అతికించుకోవడం దగ్గర ఆగిపోయారు. పుస్తకం రాసే ఓపిక ఎవరికీ లేదు, రాయించుకునే ఓపికే ఉంది. అయితే ప్రవీర్ విషయంలో చిత్రమేమిటంటే, ఆయన తన గురించి రాసుకున్న మాట జనమూ ఒప్పుకున్నారు. ఆదివాసుల ఇళ్ళల్లో దంతేశ్వరి అమ్మవారి పటం పక్కన ఆయన పటం చేరింది. ఏ జీవో లేకుండానే.

1970ల మొదట్లో బాబా బిహారీదాస్ అని ఒక సాధువు బస్తర్లో దిగాడు. నేనే ప్రవీర్‌ని, చావలేదు, తూటాలు తగిలి ఒంటి రంగు నల్లబడిందంతే అన్నాడు. జనం నమ్మారు. మాంసం మానండి, సారా మానండి, మెళ్ళో తులసి కంఠి కట్టుకోండి అంటే వేలమంది కట్టుకున్నారు. ఇప్పసారా చుక్క నేలమీద పడకుండా పెళ్ళీ చావూ జరగని చోట ఇది చిన్న విషయం కాదు. ఏ ఎక్సైజు మంత్రి వల్లా కాని పని చచ్చిన రాజు చేసి చూపించాడు. పాపం సర్కారుకి కొత్త చిక్కొచ్చిపడింది. కాల్చిన మనిషి తిరిగొచ్చి ఊరేగుతుంటే ఏ సెక్షన్ పెట్టాలి? చివరికి బాబాని కూడా అరెస్టు చేశారు. సెక్షన్లకేం కొదవ, వెతికితే దొరుకుతాయి.

మనకు ఈయనతో చుట్టరికం ఉందని మరిచిపోకండి. ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వెళ్ళి బస్తర్ రాజ్యం పెట్టాడని ఆ వంశం వారి చరిత్ర. 2022 జులైలో వరంగల్లులో కాకతీయ వైభవ సప్తాహం చేసి, ఆ వంశం వారసుడు కమల్‌చంద్ర భంజ్‌దేవ్‌ని పిలిచి ఘనంగా స్వాగతం చెప్పారు. ఈయన విజయ్‌చంద్ర మనవడు, అంటే ప్రవీర్ ఈయనకు పెద్దతాత. ఏడొందల ఏళ్ళ కిందటి ముత్తాతల వైభవం తలుచుకోవడం ఎప్పుడూ తేలికే. డప్పులు కొట్టించవచ్చు, పూలు చల్లించవచ్చు. అప్పటికి యాభై ఆరేళ్ళ కిందట పోయిన పెద్దతాతని తలుచుకోవడంతోనే తంటా. కాల్చిందెవరు అని పక్కనున్న పిల్లాడెవడో అడుగుతాడు.

అందుకే అవార్డుల శాఖ వారికి పాత మనుషులంటే ప్రాణం. 1910లో బస్తర్ భూంకాల్ తిరుగుబాటు నడిపిన నేతానార్ గుండాధూర్‌ని చూడండి. అడవిని రిజర్వు చేస్తాం, మీరు బయటికి పొండి అన్న తెల్లదొరల మీద ధుర్వా, మురియా, మారియా తెగలని కూడగట్టి లేచాడు. మామిడి కొమ్మకు ఎండుమిరపకాయలు కట్టి ఊరూరా తిప్పడమే వాళ్ళ వాట్సాప్. తిరుగుబాటు అణిగింది గానీ గుండాధూర్ దొరకలేదు. పట్టుబడలేదు, ఉరితీయలేదు. ఎలా పోయాడో, ఎప్పుడు పోయాడో కాగితం మీద లేదు. సర్కారుకి కాగితం లేకపోతే నిద్ర పట్టదు కదా, ‘షహీద్ గుండాధూర్’, అంటే అమరుడు గుండాధూర్ అని జగ్‌దల్‌పూర్ వ్యవసాయ కళాశాలకు పేరు పెట్టి ఆ లోటు తీర్చేసింది. బ్రిటిష్ సైన్యం వల్ల కాని పని పేర్ల శాఖ చేసింది. ఆయన పేరిట రాష్ట్ర పురస్కారం కూడా ఉంది, క్రీడలకు. సైన్యాన్ని అంత దూరం పరిగెత్తించినందుకు కాబోలు. విగ్రహాలు కూడా లేచాయి. పోలీసులకే దొరకనివాడు ఫొటోగ్రాఫర్‌కి దొరుకుతాడా? అందువల్ల ఆ విగ్రహాల ముఖం పూర్తిగా శిల్పిగారి దయ. ఇక ఆయన ఏ రిజర్వు అడవి వద్దన్నాడో దాని సంగతి అంటారా? ధుర్వాలుండే కాంగేర్ లోయ 1982 నుంచి నేషనల్ పార్కు. పార్కు గేటు దగ్గర టికెట్టు తీసుకోవాలి.

కొత్త మనుషుల దగ్గరకొస్తే పంపకాల లెక్క తేటగా ఉంటుంది. జగ్‌దల్‌పూర్ మెడికల్ కాలేజీ బీజేపీ దివంగత ఎంపీ బలీరామ్ కశ్యప్ పేరిట ఉంది. బస్తర్ విశ్వవిద్యాలయం కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మ పేరిట ఉంది. చెరొకటి. మిగిలింది విమానాశ్రయం. దాన్ని దంతేశ్వరి అమ్మవారికి ఇచ్చారు, ఆమెకు పార్టీ లేదు గనక. నవ్వకండి, మనం ఇంతకంటే ఘనులం. విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టి, 2024లో దాన్ని తీసి మళ్ళీ ఎన్టీఆర్ పేరే పెట్టారు. రెండేళ్ళలో రెండు ఆపరేషన్లు. బోర్డు రాసేవాడు ఒక్కడే లాభపడ్డ శస్త్రచికిత్స ఇది.

మహేంద్ర కర్మ 2013 మే 25న ఝీరం లోయలో మావోయిస్టుల దాడిలో దారుణంగా చనిపోయాడు. ఆ చావుని వేళాకోళం చేసేవాడు మనిషి కాడు. కానీ మావోయిస్టుల మీదికి ఆయన నడిపిన సల్వా జుడుం రోజుల్లో ఊళ్ళు ఖాళీ అయి, బడులు వందల్లో మూతపడి, పిల్లల్ని చంకనేసుకున్న జనం గోదావరి దాటి మన భద్రాచలం అడవుల్లోకి వచ్చిపడ్డారు. గుత్తికోయలని మనం పిలిచేది వాళ్ళనే. ఆ జుడుంకి తోడుగా ఆదివాసీ కుర్రాళ్ళకి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా (ఎస్పీవోలు) దింపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తేల్చింది. అప్పుడు బడి మానేసిన పిల్లాడు ఇప్పుడు డిగ్రీ తెచ్చుకుంటే దాని మీద ఎవరి పేరుంటుందో చూశారుగా.

అడవిలో మావోయిస్టుల రెండో సర్కారు ఏం చేసింది? స్థూపాలు కట్టింది. ఎర్ర రంగు, పైన సుత్తీ కొడవలీ, కింద పేర్లు. జులై 28 నుంచి ఆగస్టు 3 దాకా అమరుల వారం. ఈ అలవాటు గోదావరి దాటించి మోసుకెళ్ళింది మనవాళ్ళే. ఇన్‌ఫార్మర్ అని ముద్రవేసి అర్ధరాత్రి లాక్కెళ్ళి చంపిన ఊరివాడి పేరు మాత్రం ఏ స్థూపం మీదా ఎక్కలేదు. బలగాలు ఊళ్ళోకొస్తే ముందు పని స్థూపం కూల్చి ఫొటో పంపడం. బావి తర్వాత, బడి తర్వాత. సిమెంటు మీద నమ్మకంలో రెండు వైపులవాళ్ళూ ఒకరికొకరు తీసిపోరు.

స్థూపమంటే ఉన్న భయమే శవాల దగ్గరా. 2025 మే 21న అబూజ్‌మాడ్‌లో చనిపోయిన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ళ కేశవరావుది శ్రీకాకుళం జిల్లా. శవం కోసం వెళ్ళిన బంధువుల చేతికి అది రాలేదు, నారాయణపూర్‌లోనే దహనం చేసేశారు. అదే ఏడు నవంబరులో మారేడుమిల్లి దగ్గర చనిపోయిన మావోయిస్టు నాయకుడు మాడ్వి హిడ్మా శవం మాత్రం సుక్మా జిల్లాలోని సొంతూరు పువర్తికి చేరింది, చుట్టుపక్కల జనం విరగబడి వచ్చారు. ఏ శవం ఊరు చేరవచ్చో, ఏది చేరకూడదో చెప్పే జీవో ఎక్కడైనా ఉంటే దాని నకలు ఒకటి ఇప్పించండి.

ఇదంతా పెద్దవాళ్ళ గొడవ. మామూలు మనిషి పోతే ఏం చేస్తారో చూడాలంటే జగ్‌దల్‌పూర్ నుంచి గీదం మీదుగా దంతెవాడ పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చోవాలి. రోడ్డు వారనే దండామి మారియాల స్మారక స్తంభాలు నిలబడి ఉంటాయి. ఒకప్పుడు చెక్కవి, చెక్కడాలతో. తర్వాత రాతి పలకలు వచ్చాయి. గమావాడలో పాత రాతి స్తంభాలకు పురావస్తు శాఖ కాపలా ఉంది. ఇప్పుడు సిమెంటు పలక, దాని మీద డబ్బా రంగులు. కళ్ళు చెదిరే నీలం, పసుపు, గులాబీ. ఒక పలక మీద నెమలి, దుప్పి, పులి, అడవిదున్న కొమ్ముల తలపాగా పెట్టుకుని డోలు వాయించేవాళ్ళు. పక్క పలక మీద కుండ వేలాడే జీలుగ చెట్టు. ఇంకో పలక మీద మోటారు సైకిలు, హెడ్‌లైటు మాత్రం సూర్యుడంత. మరో దాని మీద విమానం. పోయినాయన విమానం ఎక్కాడో, ఎక్కాలనుకున్నాడో, ఊరి మీదుగా పోతుంటే కల్లు దొప్ప చేత్తో పట్టుకుని తలెత్తి చూశాడో! ఆయన సేవలూ త్యాగాలూ, ఆయన లేని లోటు తీరనిదన్న ముక్కా ఏమీ ఉండవు. ఆయనకి ఏది ఇష్టమో అది గీసేసి ఊరుకున్నారు. గ్రిగ్సన్ అనే దొర 1938లోనే మారియాల మీద లావుపాటి పుస్తకం వేశాడు. ఆ తర్వాత వచ్చిన ఏ దొరకీ, ఏ కలెక్టరుకీ, ఈ పద్ధతి మనకీ పనికొస్తుందన్న ఆలోచన రాలేదు.

ఒక్కసారి మన నాయకులకి పెట్టి చూడండి. ఇష్టమైనదే గీయాలి, అబద్ధం గీయకూడదు. పెయింటరు ముందుగా కాన్వాయి గీయాలి, పన్నెండు బళ్ళు. తర్వాత మైకు. తర్వాత రెండెకరాల పట్టాదారు పాసుపుస్తకం, దాని పక్కనే రెండొందల ఎకరాల పాసుపుస్తకం. అల్లుడిగారి ఇసుక లారీలు. మెడలో ఒక కండువా, భుజాన ఒక కండువా, జేబులో మడతపెట్టిన మూడో కండువా, మూడు రంగుల్లో. పలక చాలదు, ప్రహరీగోడ కట్టాల్సి వస్తుంది. దానికీ టెండరు పిలుస్తారు. ఆ టెండరు కూడా గోడమీద గీయాలి.

మారియా పద్ధతిలో ఇంకో మెలిక ఉంది. స్తంభం ఎత్తితే చుట్టాలకీ ఊరికీ భోజనం పెట్టాలి, ఇంటివాళ్ళ సొంత ఖర్చుతో. డబ్బు పోగయ్యేదాకా స్తంభం లేవదు. మనిషి పోయిన ఏళ్ళ తర్వాత లేచేవీ ఉన్నాయి. ఈ ఒక్క నిబంధన పట్టుకుని రెండు తెలుగు రాష్ట్రాల అసెంబ్లీల్లోనూ బిల్లు పెట్టాలని నా మనవి. ఏ కూడలిలోనైనా కాంస్య విగ్రహం నిలబెట్టదలుచుకున్న అభిమాన సంఘం వారు, మండలంలో ఉన్న ప్రతి ఇంటికీ తమ జేబు డబ్బుతో ఒక పూట మాంసం భోజనం పెట్టి, తిన్నవాళ్ళ వేలిముద్రలు జతపరిచి దరఖాస్తు చేసుకోవాలి. సర్కారు నిధులు, కాంట్రాక్టరు చందాలు చెల్లవు. విగ్రహం పేరు మార్చాలంటే మళ్ళీ ఒక పూట, ఈసారి రెండు కూరలతో. పైలట్ ప్రాజెక్టు ఏ జిల్లాలో పెట్టినా నాకు అభ్యంతరం లేదు. విస్తళ్ళకి కావలసిన అడ్డాకు బస్తర్ అడవిలో బోలెడుంది, ఆ సప్లై కాంట్రాక్టు మాత్రం నాకే రాయండి.