జీతం వాళ్లకు, పస్తు వీళ్లకు

నిధుల బిల్లు తెమలక 2025 అక్టోబరు 1 నుంచి 43 రోజులు అమెరికా ప్రభుత్వం మూతపడింది. విమానాలకు దారిచూపే కంట్రోలర్లు జీతం లేకుండానే డ్యూటీ చేశారు. ఫుడ్ బ్యాంకుల ముందు సర్కారు ఉద్యోగులు వరుస కట్టారు. మరి బిల్లు తెమల్చని పెద్దలో? కాంగ్రెస్ సభ్యుడి జీతం ఏడాదికి 1,74,000 డాలర్లు. రాజ్యాంగం అండ ఉంది గనుక పైసా ఆగలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దా! (మాకొద్దన్నవాళ్లూ కొందరున్నారులెండి.) ఇంటి వాయిదా, కాలేజీ అప్పు, ఇన్సూరెన్స్ ప్రీమియం మాత్రం షట్‌డౌన్ ఎరగవు. రెండు పార్టీలకూ మధ్యతరగతి మీద వల్లమాలిన ప్రేమ, ప్రసంగాల్లో. మళ్లీ షట్‌డౌన్ అంటే ముందు సభ్యుల జీతాలే ఆపి చూడండి, బిల్లు ఆ సాయంత్రమే పాసవుతుంది.