బీవర్ వేటకు బయలుదేరే కుర్రవాడికి పెద్దల మాట

1822 ఫిబ్రవరిలో సెయింట్ లూయిస్ పత్రికలో తోళ్ల వ్యాపారి విలియం ఆష్లీ ఒక ప్రకటన వేయించాడు. చొరవగల కుర్రవాళ్లు వందమంది కావాలి, మిస్సోరీ నదికి ఎదురెక్కి అది పుట్టినచోటికి వెళ్లాలి, అక్కడ ఒకటో రెండో మూడో ఏళ్లు పని. జీతమెంతో అందులో లేదు. నాయనా, నువ్వూ అడగకు. జీతం అడిగేవాడికి చొరవ తక్కువని పెద్దమనుషుల లెక్క. ఐరోపాలోనూ అమెరికా తూర్పు నగరాల్లోనూ షోకిలాల నెత్తిన బీవర్ టోపీ ఉన్నంతకాలం రాకీ పర్వతాల్లో నీకు పనికి లోటుండదు.

పని బహు సులువు. బొచ్చు దట్టంగా ఉండేది చలి రోజుల్లో కాబట్టి ఆకు రాలే కాలంలోనూ, మళ్లీ మంచు కరిగే వేళా వాగులోకి దిగాలి. ఒడ్డున నడిస్తే నీ వాసన బీవర్ పసిగడుతుంది. నీళ్లలోనే నడు. ఇనప ఉచ్చు నీటి అడుగున పెట్టి, గొలుసును లోతువైపు లాగి గుంజకు బిగించు. పైన ఓ పుల్లకు బీవర్ తోక దగ్గరి తిత్తుల్లోంచి తీసిన ఘాటైన ద్రవం పూయి. వాసన చూడ్డానికి వచ్చిన జంతువు కాలు ఉచ్చులో పడితే లోతుకు పారిపోబోయి, పైకి రాలేక మునిగి చస్తుంది. ఆ ద్రవం సీసా ఎప్పుడూ నడుముకే ఉండనీ. నీ దగ్గర కూర్చునేవాడు ఉండడు, ఏకాంతానికి ఏకాంతం. మోకాళ్ల వాతం ముప్ఫై నిండకుండానే వస్తుంది. కొండల్లో ఎవడూ ధర కట్టని సరుకు అదొక్కటే.

వాగు ఎవరిదని మాత్రం ఆరా తీయకు. జాన్ కోల్టర్‌ను చూడు. అన్వేషకులు లూయిస్, క్లార్క్‌లతో పసిఫిక్ దాకా వెళ్లి 1806లో ఇంటిదారి పట్టినవాడు, ఎదురొచ్చిన ఇద్దరు వేటగాళ్లను చూసి మళ్లీ కొండల్లోకే తిరిగాడు. అలాంటివాడే నీకు ఆదర్శం. తర్వాత బ్లాక్‌ఫీట్ తెగవాళ్లు తమ నేలమీద అతణ్ణి పట్టుకుని, జతగాడు పాట్స్‌ను చంపి, ఇతని బట్టలూడదీసి పరుగెత్తమన్నారు. ముళ్లమీద ఉత్త కాళ్లతో మైళ్లకు మైళ్లు పరుగెత్తి, నదిలో కొట్టుకొచ్చిన దుంగల కింద దాక్కుని, రోజుల తరబడి నడిచి వర్తకుల కోట చేరాడు. దీన్నిబట్టి తేలేదేమిటంటే, మంచి బట్టలు కొనడం దండగ.

వైద్యుడి కోసం వెతకకు, సూదీ దారం చాలు. 1823లో గ్రిజ్లీ ఎలుగు వేటగాడు జెడిడయా స్మిత్ తల నోట కరుచుకుంటే, ఊడిన నెత్తితోలునూ చెవినీ తోటివాడు జేమ్స్ క్లైమన్ అక్కడికక్కడే కుట్టేశాడు. అదే ఏడు ఎలుగు చీల్చేసిన హ్యూ గ్లాస్‌కు కాపలాగా ఇద్దర్ని డబ్బిస్తామని చెప్పి ఉంచారు. వాళ్లు అతని తుపాకీ తీసుకుని వెళ్లిపోయారు. చచ్చేవాడికి తుపాకీ ఎందుకు? గ్లాస్ మాత్రం చావకుండా పాక్కుంటూ దేక్కుంటూ బయటపడి, అందర్నీ ఇబ్బందిపెట్టాడు. మరో వేటగాడు జిమ్ బ్రిడ్జర్ వీపులో మూడంగుళాల ఇనప బాణపు మొన మూడేళ్లు ఉండిపోయింది. 1835లో మతప్రచారానికి వచ్చిన డాక్టర్ విట్‌మన్ దాన్ని కోసి తీశాడు.

ఇక అసలు సంబరం. 1825 నుంచి 1840 దాకా దాదాపు ఏటా వేసవిలో, ఎక్కువగా గ్రీన్ నది ప్రాంతంలో, వేటగాళ్ల కలయిక జరిగేది. ఊరి జాతరే అనుకో, దేవుడు లేడంతే. సెయింట్ లూయిస్ నుంచి కంచరగాడిదల మీద సరుకు వస్తుంది, ఏడాదంతా నువ్వు తీసిన తోళ్లు అటు వెళతాయి. ఇక్కడ రెండే నియమాలు: ధర అడక్కు, సారాయి వద్దనకు. 1826లో ఆష్లీ తన వ్యాపారం స్మిత్, జాక్సన్, సబ్లెట్‌లకు అప్పగిస్తూ రాసుకున్న ఒప్పందంలో బీవర్ తోలు పౌను మూడు డాలర్లు. కాఫీ పౌను డాలరుంపావు, పంచదార డాలరు, తుపాకిమందు డాలరున్నర. అవి టోకు ధరలు. నీ గిన్నెలోకి కాఫీ వచ్చేసరికి ఆ ముగ్గురి పొట్టా నిండాలి కదా. తోలు ఒకటి పౌనున్నర తూగితే గొప్ప. లెక్క వేయకు, తాగింది దిగిపోతుంది. నాలుగు రోజులు తాగి, గుర్రప్పందేల్లో మిగిలింది పోగొట్టి, వచ్చే ఏటి ఉచ్చులు అరువుకు తీసుకో. అప్పు చేసి పప్పుకూడు అన్నారు గానీ, ఇక్కడ పప్పు కూడా దొరకదు, ఎనుబోతు మాంసమే.

ఆష్లీ తొలి కలయిక నుంచి తెచ్చుకున్న తోళ్లు దాదాపు 9 వేల పౌన్లు. రెండో ఏడాదికే కొండలు వదిలేసి, 1831లో కాంగ్రెస్ సభ్యుడయ్యాడు. జాన్ జాకబ్ ఆస్టర్ అయితే రాకీల ముఖమే చూడలేదు. 1834లో తోళ్ల వ్యాపారం నుంచి తప్పుకుని, 1848లో పోయేనాటికి అమెరికాలోకెల్లా ధనవంతుడు. ఇలాంటి పిరికివాళ్లను అనుకరించకు.

దారులు కనిపెట్టడం కూడా చేతనవ్వాలి. 1824లో స్మిత్ బృందానికి దారి తెలియకపోతే, ఎనుబోతు తోలు పరిచి దానిమీద ఇసుక కుప్పలు పోసి, కొండలెక్కడో క్రో తెగవాళ్లను అడిగి తెలుసుకున్నారు. ఆ సాయంతో వాళ్లు సౌత్ పాస్ అనే కనుమ దాటారు. నువ్వూ అలాగే అడిగి తెలుసుకుని, తిరిగొచ్చాక నేనే కనిపెట్టానని చెప్పు. ఇక నదిమీద సరుకు తెచ్చేటప్పుడు పడవలో మశూచి రోగి ఉన్నా పడవ వెనక్కి తిప్పకు, సరుకు ఆలస్యమైపోతుంది. 1837లో అమెరికన్ ఫర్ కంపెనీ పొగపడవ సెయింట్ పీటర్స్ తిప్పలేదు. ఆ ఏడాది చివరికి మాండన్ తెగలో దాదాపు 1,600 మందికి 150 మంది లోపే మిగిలారు.

పిల్లల కోసం నాలుగు బీవర్లను వాగులో వదిలేద్దామనే జాలి నీకు రాకూడదు. నువ్వు వదిలితే బ్రిటిష్ హడ్సన్స్ బే కంపెనీవాళ్లు వదలరు. అమెరికన్లు అటు రాకుండా ఉండాలని స్నేక్ నది ప్రాంతాన్ని కావాలనే ఊడ్చేసినవాళ్లు వాళ్లు. ఎలాగూ ఈలోగా నగరాల్లో పట్టుటోపీల మోజు మొదలై బీవర్ ధర పడిపోయింది. 1840 తర్వాత కలయికే లేదు.

అప్పుడు బ్రిడ్జర్ ఏం చేశాడు? 1843లో బ్లాక్స్ ఫోర్క్ ఒడ్డున, ఆరెగాన్ వెళ్లే బళ్ల దారి పక్కన, కమ్మరి కొలిమీ దుకాణమూ పెట్టాడు. కొనేది అతను కాదు, అమ్మేది అతనే. ఇరవై ఏళ్లు మంచునీళ్లలో నిలబడితే గానీ తట్టని సంగతి. నువ్వు ముందే దుకాణం పెట్టేసి ఆ ఇరవై ఏళ్లూ పోగొట్టుకోకు.