బాకుగారి వంశవృక్షం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పాత ఇళ్ల అటకల మీద దొరికే బాకులన్నీ రాజుగారు స్వహస్తాలతో బహూకరించినవే. కొని తెచ్చుకున్నది ఒక్కటీ కనబడదు. పెబ్బేరు సంతలో ఎడ్లు కొన్నారు, గొర్రెలు కొన్నారు, పలుపుతాళ్లు కూడా బేరమాడి కొన్నారు. బాకు మాత్రం ఏ ముత్తాతా కొన్న పాపాన పోలేదు. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాధీశులు పంచిపెట్టారంటున్న ఆయుధాలన్నీ ఒక్కచోట పోగేస్తే, ఆ రాజులకు యుద్ధం చెయ్యడానికి తమకంటూ ఒక్క కత్తి కూడా మిగిలి ఉండదు. అందుకే నేనంటాను, బాకు చరిత్ర తెలుసుకోవాలంటే ఇంటి పెద్దాయన నోటి దగ్గర కాదు, బాకు ఒంటి దగ్గర మొదలుపెట్టాలి. పెద్దాయనకు వియ్యంకులున్నారు, పరువుంది, ఊళ్లో పోటీగా ఇంకో బాకున్న ఇల్లుంది. ఇనుముకు ఈ బాదరబందీ ఏదీ లేదు.

ఉదాహరణకు, అన్నిటికంటే ఎక్కువ వంశగౌరవం మోస్తున్న రకాన్నే తీసుకుందాం. పదిహేడు అంగుళాల అలుగు, రెండువైపులా చెక్క బిగించిన పిడి, పిడి మొదట్లో అలుగు మీద ఒక కిరీటం, దాని కింద 1907 అనే అంకె. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? 1907లో మహారాజావారు కిరీటం గుర్తు వేయించి ముత్తాతకు ఇచ్చారు, కేసు కొట్టేశారు. కానీ పిడి చివర ఒక గాడి ఉంటుంది. అది మొలలో దోపుకోవడానికి కాదు, లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకి మూతికి తగిలించుకోవడానికి. అంటే ఇది బాకు కాదు, బాయ్‌నెట్. కిరీటం బ్రిటిష్ చక్రవర్తిది. ఇక 1907 తయారైన సంవత్సరం కాదు, ఆ నమూనా పేరు. అసలు తయారైన నెలా ఏడూ దాని కిందే చిన్న అంకెల్లో ఉంటాయి. వాటిని చదవాలంటే భూతద్దం కావాలి, మనకేమో భూతద్దం కంటే గర్వం ముందు దొరుకుతుంది. రెండోవైపు బాణం గుర్తుంటే సర్కారు సొత్తని అర్థం. ఇంటూ గుర్తుంటే అలుగును వంచి పరీక్షించారని అర్థం. పిడి అడ్డుకమ్మీ కిందికి కొక్కెంలా వంగి ఉంటే 1913కు ముందుది అయ్యే అవకాశం ఎక్కువ, ఆ ఏడాది కొక్కెం తీసేశారు. ఆర్.ఎఫ్.ఐ. అని ఉంటే బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పుట్టిల్లు. ఈ నమూనాను ఇంగ్లీషువాళ్లు 1897 నాటి జపాను బాయ్‌నెట్ చూసి గీసుకున్నారు. కాబట్టి నిజాయితీగా వంశవృక్షం గీస్తే వేళ్లు వనపర్తి కోటలో కాదు, జపానులో తేలతాయి. ఇంకో చిన్న చిక్కు ఉంది. నిజాం రాజ్యంలో కాగితాలు నడిచింది ఫసలీ లెక్కన. ఫసలీకి 590 కలిపితే ఇంచుమించు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. దివాణం వేయించిన గుర్తే అయితే అక్కడ 1316 అనో 1317 అనో ఉండాలి. ఒక్క బాకు కోసం రాజావారు క్యాలెండరు మార్చుకున్నారని నమ్మడం నావల్ల కాదు.

సంస్థానాలకు సైన్యాలే లేవా అని మీరడగవచ్చు. లేకేం? వనపర్తి రాజా రామేశ్వరరావు పందొమ్మిదో శతాబ్దంలో ఆఫ్రికా సంతతి సిద్దీలతో ఒక దళాన్నే నిలబెట్టాడు. అది తర్వాత నిజాం కొలువుకు చేరింది. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అని పిలిచే పేట పేరు వెనుక ఉన్నది ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్సే. ఒప్పుకుంటాను. కానీ సిపాయి చేతిలోని ఆయుధం సిపాయిది కాదు, కొలువుది. కొలువు మానేసిన రోజున తుపాకీ, బాయ్‌నెట్, పట్టీ అన్నీ లెక్క ప్రకారం అప్పగించి రావాలి. బాణం గుర్తున్న బాయ్‌నెట్ ముత్తాత వెంట ఇంటికి వచ్చిందంటే రెండే దారులు. అమ్మకానికి పెట్టిన సర్కారు పాత సామానులో రూపాయో రెండో పెట్టి కొన్నాడు, లేదా చెప్పకుండా తెచ్చుకున్నాడు. దొంగతనం కంటే బేరం గౌరవమైనదని నా అభిప్రాయం. కొన్ని కుటుంబాలు ఇందులో ఏది ఎంచుకోవాలో తేల్చుకోలేక మళ్లీ రాజుగారినే ఆశ్రయిస్తాయి.

హైదరాబాద్ రెజిమెంట్‌లో పనిచేశాడన్న మాట కూడా తరచుగా వినబడుతుంది. పంతొమ్మిదవ హైదరాబాద్ రెజిమెంట్‌లో పేరే హైదరాబాదుది. మనుషుల్లో ఎక్కువమంది కుమావోనీలు, జాట్లు, అహీర్లు. 1945లో ఆ రెజిమెంట్ తన పేరును కూడా కుమావోన్ అని మార్చేసుకుంది. నిజాం సొంత పదాతిదళం ఒకటి 1941 డిసెంబరులో మలయాలోని కోటభారు దగ్గర జపానువాళ్లను ఎదుర్కొన్నమాట నిజమే. కానీ 1942 ఫిబ్రవరిలో సింగపూరు లొంగిపోయింది. లొంగిపోయినవాడు మొదట వదిలేది ఆయుధాన్నే. యుద్ధఖైదీల శిబిరంలోంచి పదిహేడు అంగుళాల బాయ్‌నెట్‌ను దాచి గోపాల్‌పేట దాకా తెచ్చాడంటే, ఆ మనిషికి ఇవ్వాల్సిన బిరుదు వీరుడు కాదు, ఇంద్రజాలికుడు.

ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైనది. కాగితం లేనివాళ్ల చరిత్ర నోటిమాటే కదా, దాన్ని కొట్టిపారేస్తే వాళ్లకు చరిత్రే లేకుండా పోదా? నిజమే. సిద్దీల సంగతి చాలామటుకు పాటలో, మర్ఫా డప్పుల మోతలో, పేట పేరులో నిలిచింది. కాబట్టి నోటిమాటను నేను పారెయ్యమనడం లేదు, జల్లెడ పట్టమంటున్నాను. కుటుంబాల జ్ఞాపకం ఊరి పేరును, నది పేరును, అప్పిచ్చినవాడి పేరును బాగా దాచిపెడుతుంది. హోదా దగ్గరే దానికి పూనకం వస్తుంది. ముత్తాత బతికున్నప్పుడు బంట్రోతు. కొడుకు చెప్పేటప్పటికి జవాను, మనవడి నోట్లో జమేదారు, మునిమనవడి పెళ్లిచూపుల్లో దళవాయి. చచ్చిపోయాక ఇంత క్రమం తప్పకుండా ప్రమోషన్లు వచ్చే ఉద్యోగం ఇంకెక్కడా లేదు.

వంకర అలుగున్న జంబియా దొరికితే వెతకాల్సిన దారి వేరు. అది హద్రమౌత్ అరబ్బుల ఆయుధం. నిజాం రాజ్యంలో అరబ్బులు కాపలా కాశారు, వడ్డీకి డబ్బులూ తిప్పారు. కాబట్టి జంబియా ఉన్న ఇంట్లో యుద్ధం కంటే అప్పు జరిగే అవకాశాన్ని ముందు పరిశీలించాలి. పాత చిట్టా పుస్తకం ఉంటే అది తెరవండి.

అన్నిటికంటే పెద్ద పొరపాటు మాత్రం బాకును ఇంటిపేరు వెంబడి వెతకడం. వస్తువులు ఇంటిపేరు చూసి నడవవు, కోడళ్ల వెంట నడుస్తాయి. గద్వాల ఉన్న నడిగడ్డకు ఒకవైపు కృష్ణ, ఇంకోవైపు తుంగభద్ర. తుంగభద్ర దాటితే కర్నూలు. అది అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ, ఇంగ్లీషువాళ్ల ఏలుబడి. అక్కడి తెలుగువాళ్లకు మద్రాసు సైన్యంలో చేరే దారి ఉండేది. అవతలి గట్టు మేనమామ పెట్టెలోంచి వచ్చిన బాయ్‌నెట్‌కు ఇవతలి గట్టున రాజుగారి కథ అతికించడం ఎంతసేపు? పాతకాలపు కటారైతే ఇంకాస్త వెనక్కి వెళ్లవచ్చు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో ఇంగ్లీషువాళ్లకు గుట్టలుగా ఫిరంగులూ మందుగుండూ దొరికాయి. నవాబు తరఫున పోరాడిన కూలిసైనికులు చెల్లాచెదురయ్యారు. ఆకలేసినవాడు అన్నిటికంటే ముందు అమ్మేది నడుముకున్న కత్తినే. అందుకని మా నాన్నతరఫు అని మొదలుపెట్టేవాళ్లు ఒక్కసారి నాయనమ్మ పుట్టింటివాళ్లను అడిగి చూడటం న్యాయం. వాళ్లను ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు.

ఈ విచారణకు అసలు శత్రువు మన భక్తి. ఏటా దసరాకు బాకును చింతపండు పెట్టి తళతళా తోమి, పసుపు కుంకుమలు పెట్టి ఆయుధపూజ చేస్తాం. తోమిన కొద్దీ తయారైన నెలా ఏడూ, ఫ్యాక్టరీ పేరూ అరిగిపోతాయి. లోతుగా కొట్టిన కిరీటమూ 1907 మాత్రం మిగిలి కుటుంబ కథను కాపాడతాయి. పూజ చెయ్యండి, తోమడం మానండి.

చట్టం సంగతి కూడా ఉంది. ఆయుధ చట్టం కింద, నోటిఫై చేసిన ప్రాంతాల్లో తొమ్మిది అంగుళాలు దాటిన అలుగుకు లైసెన్సు కావాలి. ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసిన కత్తులకు మినహాయింపు. ఈ ఒక్క నిబంధన చరిత్రకారులు చెయ్యలేని పని చేస్తుంది. అప్పటిదాకా దళవాయిగా ఉన్న ముత్తాత ఎస్సైగారి ముందు నిమిషంలో కొబ్బరికాయలు కొట్టే పెద్దమనిషి అయిపోతాడు. కాబట్టి ఫొటో తీసి బంధువులకు పంపే ముందు టేపు పెట్టి కొలవండి. పదిహేడు అంగుళాలు తేలితే ముందుగా కలవాల్సింది చరిత్ర లెక్చరర్ని కాదు, కలెక్టరేటులో లైసెన్సుల గుమాస్తాను.