పైన పటారం, లోన గాలి!

ఉదయగిరిలో గానీ ఆత్మకూరులో గానీ సెకండ్ హ్యాండ్ డిజైర్ బేరానికొచ్చిన పెద్దమనిషి బానెట్ ఎత్తించి చూస్తాడు, ఏసీ వేయించి చూస్తాడు, పాటలు కూడా పెట్టించుకుంటాడు. టైరు దగ్గరికొచ్చేసరికి కాలితో ఒక తన్ను తన్ని ‘గట్టిగానే ఉందిలే’ అనేస్తాడు. పాలిష్ పూసుకున్న ముసలి టైరేమో పెళ్లిచూపులకొచ్చిన పెళ్లికొడుకులా నిగనిగలాడుతుంది.

దాని వయసు పక్కగోడ మీదే అచ్చేసి ఉంటుంది. ‘2317’ అంటే 2017లో 23వ వారం తయారీ. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే చట్టప్రకారం రోడ్డెక్కకూడదు. రెండంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే ఎక్కువ, ఒక పక్కే అరిగితే అలైన్‌మెంట్ తేడా. వంగి చూస్తే కదా!

బేరంలో ఐదువేలు తగ్గించుకున్న సంబరం బద్వేలు రోడ్డులో మర్రిపాడు దాటేదాకే. ఎండకు కాగిన తారుమీద టైరు ఢామ్మంటుంది. మామూలు పంక్చరైతే వందో నూటయాభయ్యో. పక్కగోడ చీలితే అతుకు పనికిరాదు, కొత్తదే దిక్కు. నాలుగూ మారిస్తే ఇరవైవేల పైమాటే. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగిందని షాపాయన ఓదార్పు.

స్టెప్నీ ఉందిగా అంటారా? ఉంది. దానిమీద ‘1411’ అని ఉంది.